మారెమ్మ బెల్టు

నాగేశ్వరయ్య కుర్చీలోంచి పడకపోయి ఉంటే అంబుజకు ఆ అనుమానం వచ్చేదే కాదు.

నాగేశ్వరయ్య టవర్ల కంపెనీలో స్టోర్‌కీపరు. మనిషి మంచివాడే, బరువే కాస్త ఎక్కువ. కృష్ణ ఒడ్డున రేకుల షెడ్డులో అంబుజ నడిపే మెస్సుకు రోజూ భోజనానికి వచ్చేవాడు. మూలనున్న నీలం ప్లాస్టిక్ కుర్చీ ఆయన సింహాసనం. ముందురోజు ఆయన కూలబడగానే అది ఫట్‌మంది. లేవమని అందరూ అన్నారు. ఆయన లేవకుండా అటూ ఇటూ ఊగి చూసుకొని, "ఆపింది గదా! మస్తు గట్టి కుర్చీ," అని మెచ్చుకొని రోజూ తినేదానికన్నా ఒక జొన్నరొట్టె ఎక్కువే తిన్నాడు. మర్నాడు అదే ధీమాతో వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి కుర్చీ చప్పుడైనా చేయకుండా కాళ్లు చాపేసింది. పప్పు గిన్నె ఆయన ఒళ్లో బోర్లా పడింది.

మెస్సంతా గొల్లున నవ్వింది. అంబుజ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకొని కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వింది. ఆయన్ని లేపి, చొక్కా తుడిచి, విరిగిన కుర్చీని బయట పారేయబోతూ దాని కాలు చూసింది. నిన్నటి పగులు చోటే ఇవాళ విరిగింది. నిన్న ఆయన బరువు ఆపినందుకే అది పగిలింది, పగిలినందుకే ఇవాళ ఆపలేకపోయింది. అంతే సంగతి. అంబుజ నవ్వు ఆగిపోయింది. ఆమెకు మారెమ్మ బెల్టు గుర్తొచ్చింది.

రాయచూరు పక్కన యరమరస్ దగ్గర కొత్త పవర్ ప్లాంటు లేస్తున్న రోజులవి. కరెంటు పుట్టించడం ఒక ఎత్తు, దాన్ని ఊళ్లకు మోసుకుపోవడం ఇంకో ఎత్తు. మోయడానికి ఆకాశమంత టవర్లు కావాలి, ఆ టవర్లు ఎక్కడానికి గుండె ఉన్న మనుషులు కావాలి. ఇడపనూరు నుంచి వచ్చిన ఈరప్ప గ్యాంగుకు ఆ పనిలో జిల్లా అంతా పేరుండేది. ఈరప్ప అంబుజ మొగుడు.

మూడేళ్ల కిందట కల్మల దగ్గర లైను వేస్తున్నప్పుడు ఈరప్ప టవరు మీదినుంచి జారాడు. నడుముకున్న బెల్టు, దాని తాడు ఆయన్ని గాలిలో పట్టి ఆపాయి. సరిగ్గా ఆ రోజే ఊళ్లో మారెమ్మ జాతర. "తల్లే పట్టుకున్నది," అన్నారు అందరూ. ఆనాటి నుంచి అది మామూలు బెల్టు కాకుండా పోయింది, మారెమ్మ బెల్టు అయింది. ఏ టవరైనా సరే, కొస దాకా ఎక్కేవాడికి ఆ బెల్టే కట్టాలని గ్యాంగులో ఆచారం పడింది. పెళ్లికొడుక్కి బాసికం కట్టినంత శ్రద్ధగా ఈరప్ప తన చేత్తో కట్టేవాడు. ఆ బెల్టు తన నడుముకు ఎప్పుడు వస్తుందా అని కుర్రవాళ్లు కలలు కనేవారు.

ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి, నూనెలో కలిపిన సింధూరం పూసి, అగరొత్తులు వెలిగించే పని అంబుజది. ఇంట్లో దేవుడి పటాలకైనా ఒక్కోసారి దుమ్ము ఉండేదేమో గానీ, ఆ బెల్టుకు పూజ తప్పేది కాదు.

మరి కంపెనీ కొత్త బెల్టులు ఇవ్వలేదా అంటే, ఎందుకివ్వలేదు, ఇచ్చింది. భుజాల మీదుగా, తొడల చుట్టూ పట్టీలు వచ్చేవి, ఒక్కోదానికి రెండు తాళ్లు, రెండు కొక్కీలు. అవి నాగేశ్వరయ్య స్టోర్‌లో ప్లాస్టిక్ కవర్లలో హాయిగా నిద్రపోయేవి. సేఫ్టీ ఇంజినీరు తనిఖీకి వచ్చిన రోజున అందరూ తొడుక్కొనేవారు, ఆమె జీపు కనుమరుగవగానే విప్పి మడతపెట్టేవారు. పెళ్లిచూపులకు తెచ్చిన అరువు నగలకు జరిగే మర్యాదే వాటికీ జరిగేది. మామూలు రోజుల్లో పాత నడుము బెల్టులే. కొసకు మారెమ్మ బెల్టు.

ఇప్పుడు కృష్ణను దాటించే టవరు లేస్తోంది. మామూలు టవర్లు దాని మోకాళ్ల దాకా రావు. దాని కొస ఎక్కే వంతు ప్రకాశ్‌కు వచ్చింది. ప్రకాశ్ అంబుజ తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడింకా పాకుతున్నాడు. అంబుజే చంకనెత్తుకొని పెంచింది, పెళ్లయి అత్తగారింటికి పోతూ వెంట తీసుకుపోయింది. తనకు పిల్లలు లేరేమని ఎవరైనా అడిగితే, "ఒకడున్నడు గదా ఆరడుగులోడు, చాలదా?" అనేది.

ఆ ఆరడుగులవాడి నడుముకు రేపో మాపో ఆ బెల్టు కడతారు. నిన్నటి దాకా గర్వంగా ఉన్న ఆ సంగతి ఇప్పుడు ఆమె గుండెల్లో రాయిలా పడింది.

"ఏమయ్యా," అంది ఈరప్ప చేతులు కడుక్కుంటుంటే, "ఒకసారి మనిషిని ఆపిన బెల్టు మళ్ల ఆపుతదా?"

"గిదేం మాట? ఆపినదాన్ని నమ్ముతరా, ఎన్నడు ఆపనిదాన్ని నమ్ముతరా?"

"కుర్చీ గూడ నిన్న ఆపింది."

ఈరప్ప ముఖం ఎర్రబడింది. "కుర్చీకి, మారెమ్మకు జోడు పెడ్తవా? నోరు కడుక్కో పో!"

మొగుడు కసిరితే ఊరుకునే మనిషి కాదు అంబుజ. కానీ తన దగ్గర ఉన్నదల్లా ఒక విరిగిన కుర్చీ. దాంతో గెలవలేనని తెలుసు. టవర్లెక్కడానికి ఎక్కడో రూల్సు రాసి ఉంటారు కదా, అవేమంటున్నాయో కనుక్కోవాలి అనుకుంది.

ముందు నాగేశ్వరయ్యను పట్టుకుంది.

"రూల్సా? మస్తుగున్నయమ్మా," అన్నాడాయన నడుము రుద్దుకుంటూ. "హెల్మెట్ పెట్టుకోవాలె, తాగి ఎక్కొద్దు, చెప్పులతోని ఎక్కొద్దు, వానల ఎక్కొద్దు..."

"మనిషి పడితే ఆపిన బెల్టు సంగతేంది?"

ఆయన నడుము రుద్దుకోవడం ఆపాడు. "గది నేను సదవలే. పడ్డోడు వచ్చి బెల్టు వాపస్ ఇచ్చింది నా సర్వీసుల లేదు. గందుకే నాకు ఆ అవసరం పడలే."

మర్నాడు అంబుజ మెస్సును పక్కింటామెకు అప్పజెప్పి, ఎండలో నడుచుకుంటూ శక్తినగర్ పాత ప్లాంటు గేటు దాకా పోయింది. అంత పెద్ద ప్లాంటులో ఒక్కరికైనా తెలియకపోతుందా అని ఆమె ఆశ. గేటు దగ్గర మనిషంత ఎత్తు బోర్డు మీద 'సురక్షతె మొదలు' అని కన్నడంలో రాసి ఉంది.

"ఏను బేకమ్మా?" అని ఏం కావాలో కన్నడంలో అడిగాడు గేటు కాపలావాడు.

"సురక్షత మొదలు అని రాసిండ్రు, బాగుంది. ఆ తర్వాతది యాడ రాసిండ్రు? అది సదవాలె నేను."

కాపలావాడిదీ సరిహద్దు ఊరే. ఆమె గోడు అంతా విని, తెలుగులోకి దిగి, "నువ్వు టవర్ల కంపెనీ దానివైతే ఈడికెందుకొచ్చినవ్ తల్లీ? మీ కంపెనీల సేఫ్టీ మేడం లేదా? ఆమెను అడుగు, ఆమె నౌకరే గది," అన్నాడు.

అంబుజ నుదురు కొట్టుకుంది. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆ సేఫ్టీ మేడం, రక్షిత, రోజూ తన మెస్సులోనే టీ తాగుతుంది. రాయచూరు టౌనులో తరాలుగా ఉన్న తెలుగువాళ్ల పిల్ల. చేరి ఆర్నెల్లు కూడా కాలేదు. గ్యాంగు మనుషులు ఆమె ఎదురుగా 'అట్లనే మేడం' అనడం, వెనక నవ్వుకోవడం తప్ప ఆమెను ఒక్క ప్రశ్న అడిగింది లేదు.

ఇప్పుడు అడగడంలోనే వచ్చింది చిక్కు. నిజం చెబితే తనిఖీ బెల్టుల నాటకం బయటపడుతుంది. పని ఆగుతుంది, ఈరప్ప పరువు పోతుంది. అందుకని అంబుజ టీ గ్లాసు అందిస్తూ దూరం నుంచి నరుక్కొచ్చింది.

"బిడ్డా, మా ఊళ్ల ఒకాయన ఉన్నడు. ఆయన పాత బెల్టు ఒకసారి ఆయన్ను పడకుండ ఆపింది. దాన్నే వాడుకుంటున్నడు. మంచిదేనా?"

రక్షిత గ్లాసు కింద పెట్టింది. "ఊళ్ల ఆయన బెల్టు ఏం చేసుకుంటడక్కా? జొన్నచేన్ల టవరెక్కుతడా?"

అబద్ధం అంబుజకు పుట్టుకతో అబ్బని విద్య. కన్నీళ్లు ముందొచ్చాయి, మాటలు తర్వాత వచ్చాయి. అంతా చెప్పేసింది.

రక్షిత కోప్పడలేదు. తనిఖీల్లో తనను ఎంత తేలిగ్గా బోల్తా కొట్టించారో విని ఆమె ముఖం మాడిన మాట మాత్రం నిజం. ఫోను తీసి వెతికి, ఎత్తుల మీద పనిచేసేవాళ్ల కోసం రాసిన సూచనలు ఒక్కొక్కటీ ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పింది. ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా మనిషికి టవరుతో బంధం తెగకూడదట. నడుము ఒక్కటే పట్టే బెల్టుతో పడితే నడుమే విరగొచ్చట. ఒకసారి మనిషిని ఆపిన బెల్టు మళ్లీ ఎవరి ఒంటి మీదికీ పోకూడదట.

"అన్నిట్ల గదే మాట అక్కా."

"ఫోన్ల మాట మావోళ్లు ఇనరు. యాడనో ఎవడో రాసిండు అంటరు."

"అయితే బెల్టు చేసినోళ్ల మాట ఇనాలె గదా? కుట్టేటప్పుడే లోపలి దిక్కు చీటీ కుడతరు. దాన్ని ఎట్ల వాడాలె, ఎప్పుడు పారెయ్యాలె, అంత రాసుంటది. సూడుండ్రి ఒకసారి."

"నేను మూడేండ్ల నుంచి ఈ చేతులతోని పూజ చేస్తున్న బిడ్డా. దాని మీద చీటీ గీటీ ఏం లేదు," అంది అంబుజ. అని, తన మాట తనకే అదోలా వినిపించి, గబగబా ఇంటికి నడిచింది.

బెల్టును గూట్లోంచి దించింది. పసుపూ నూనే సింధూరమూ కలిసి, పొర మీద పొరగా గట్టిపడి, అరిసె మీది బెల్లంలా అంటుకొని ఉంది. కుంకుడుకాయలు నానబెట్టి, రసం తీసి, పెరట్లో రాతి మీద పెట్టి తోమడం మొదలుపెట్టింది. ఎర్రనీళ్లు, పచ్చనీళ్లు పారాయి. ఒక్కో పొర లేస్తున్నకొద్దీ ఇంకా గట్టిగా తోమింది. నడుముకు ఆనే మెత్త మీద, సరిగ్గా తాను ప్రతి శుక్రవారం పెద్ద బొట్టు పెట్టే చోట, గుడ్డచీటీ తేలింది. అక్షరాలు ఇంగ్లీషువి. ఆమెకు రావు. కానీ పక్కనే చిన్న బొమ్మ ఉంది. తాడుకు వేలాడుతున్న మనిషి, పక్కన బెల్టు, ఆ బెల్టు మీద అడ్డంగా కొట్టివేత. ఆ బొమ్మకు చదువు అక్కర్లేదు.

చీటీ పక్కన కుట్లు పిగిలి ఉన్నాయి. పసుపు పట్టుకొని ఉండబట్టి కనబడలేదు గానీ, సగం దారాలు ఎప్పుడో తెగిపోయాయి.

అంబుజ తన చేతులు చూసుకుంది. చెప్పాల్సిన మాటను బెల్టు మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉంది. తానే దాని నోట్లో పసుపు కుక్కింది. ఏడుపొచ్చింది. ఆ వెనకే కోపమొచ్చింది. ఏడుపు ఆమె దగ్గర ఎక్కువసేపు ఉండదు, కోపం మాత్రం ఇంటి మనిషిలా ఉండిపోతుంది.

అప్పుడే వచ్చిన ప్రకాశ్ ఆ దృశ్యం చూసి బిత్తరపోయాడు. "అక్కా! మారెమ్మ బెల్టును ఉతుకుతున్నవా? బావ సంపుతడు!"

"సంపితే నన్నే సంపనీ. నిన్ను గాదు," అని బెల్టు వాడి చేతిలో పెట్టింది.

వాడు పిగిలిన కుట్ల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. వాడు పిరికివాడు కాడు, తెలివితక్కువవాడూ కాడు. "నిజమే అక్కా. కాని రేపు అందరి ముంగట బావ కట్టనీకి వస్తే నేనెట్ల వద్దనాలె? వద్దంటే నాకు ధైర్యం లేదంటరు. బావ ఇజ్జత్ తీసినట్టయితది."

"నువ్వు అనకు. నేనంట," అంది అంబుజ.

మర్నాడు మధ్యాహ్నం గ్యాంగు భోజనాలకు కూర్చోగానే అన్నం వడ్డించాల్సిన బల్ల మీద కడిగిన బెల్టు పెట్టింది. పక్కన రక్షితను నిలబెట్టింది. చీటీ మీద ఏముందో చదివించింది. ఒకసారి పడుతున్న మనిషిని ఆపిన బెల్టును మళ్లీ వాడరాదు, కోసి పారేయాలి. నూనె, రంగులు, రసాయనాలు తగలనీయరాదు.

అందరూ బెల్టు మీదికి వంగి చూశారు. ముందు తేరుకున్నది దుర్గప్ప. గ్యాంగులో ఈరప్ప తర్వాత పెద్దవాడు, భక్తిలో ఈరప్పకన్నా ఒక మెట్టు పైన ఉండేవాడు.

"గిదంత కంపెనోళ్ల మతలబు మేడం," అన్నాడు. "ఒక్క బెల్టు బతుకంత నడిస్తే వాళ్ల దుకాణం నడుస్తదా? పారేయుండ్రి, కొత్తది కొనుండ్రి అని వాళ్లే రాస్తరు."

అవునవునని తలకాయలు ఊగాయి. ఈరప్ప లేచి నిలబడ్డాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు, అంటే మహా కోపంగా ఉన్నాడన్నమాట. "అంబుజా, నా పానం నిలబెట్టిన దాన్ని పదిమందిల నిలబెట్టి బద్నాం చేస్తున్నవు."

"ఒక్కటే అడుగుత, చెప్పు," అంది అంబుజ. "గంత మహిమ ఉన్న బెల్టు గదా. మూడేండ్ల నుంచి ఎవరెవరికో కడుతున్నవ్. నువ్వు పడ్డనాటి నుంచి ఒక్కనాడన్న నీ నడుముకు కట్టుకున్నవా?"

"మోకాలు నొప్పి..."

"జాతరల తెల్లారిందాక ఎగిరిన మోకాలే గదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఈరప్ప నవ్వలేదు. ఆ ప్రశ్న ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. తనను తానూ అడుక్కోలేదు. జవాబు దొరకనప్పుడు మగవాళ్లు చేసే పనే ఆయనా చేశాడు, పందెం కాశాడు.

"సరే. మనిషంత బరువు కట్టి పడేద్దం. బెల్టు ఆపితే నువ్వు ఇంక నోరెత్తొద్దు. ఆపకుంటే..." అక్కడ ఆగాడు.

"ఆపకుంటే నేను చెప్పినట్టు ఇనాలె," అని అంబుజ పూర్తి చేసింది.

బరువుకు ఇసుక బస్తా తెస్తామన్నారు. అంబుజ ఒప్పుకోలేదు. మెస్సులోకి పోయి, తుర్విహాళ నుంచి తెప్పించిన సోనా బియ్యం బస్తా ఈడ్చుకొచ్చింది. "ఇసుక పోతే ఎవరికి నొప్పి? పోతే నా బియ్యం పోనీ. రేపు అన్నం లేకుంటనన్న అందరికి యాదుంటది."

టవరు కింది భాగంలో, ఇద్దరు మనుషుల ఎత్తున ఉన్న అడ్డకమ్మీకి బెల్టు తాడు కట్టారు. బస్తా నడుముకు మారెమ్మ బెల్టు బిగించారు. ఎప్పటిలాగే ఈరప్పే స్వయంగా కట్టాడు. రక్షిత అందరినీ దూరంగా నెట్టి, చుట్టూ తాడు కట్టించి, ఆ గీత లోపలికి ఎవరు వచ్చినా పందెం చెల్లదని గట్టిగా చెప్పింది. ఆ పిల్ల గొంతుకు గ్యాంగు మొదటిసారి వెనక్కి జరిగింది. గిలకతో బస్తాను పైకి లాగారు. దుర్గప్ప కళ్లు మూసుకొని తల్లిని తలుచుకున్నాడు. అంబుజ కళ్లు తెరిచే ఉంచింది.

గిలక తాడు వదిలారు.

బస్తా పడింది. బెల్టు తాడు బిగిసింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, బెల్టు ఆపినట్టే ఆపింది. తర్వాత కుట్లన్నీ వరసగా చిరుగుతున్న చప్పుడైంది. బెల్టు విడిపోయింది. బస్తా నేలకు కొట్టుకొని బద్దలై, సోనా బియ్యం ఎగిరి గీత అవతల నిలబడ్డ వాళ్ల తలల మీద తలంబ్రాల్లా పడింది.

అందరూ ఆ బస్తానే చూస్తున్నారు. బస్తాను చూస్తున్నారు గానీ ప్రతివాడికీ అక్కడ తానే కనిపిస్తున్నాడు. మూడేళ్లలో ఆ బెల్టు కట్టుకొని కొస దాకా పోయివచ్చినవాళ్లే ఆ గ్యాంగులో ఎక్కువ, మిగిలినవాళ్లు వంతు కోసం చూస్తున్నవాళ్లు. ప్రకాశ్ జుట్టులోంచి బియ్యపు గింజలు దులుపుకోవడం కూడా మరిచి నిలబడ్డాడు.

"అపశకునం," అన్నాడు దుర్గప్ప. "తల్లికి కోపమొచ్చింది. తల్లి చెయ్యి ఇడిచింది."

అప్పుడు లేచింది అంబుజ గొంతు. ఆ గొంతు కృష్ణ అవతలి ఒడ్డున వినిపించిందని ఇప్పటికీ చెబుతారు.

"తల్లి ఎందుకు ఇడుస్తది? ఒకసారి నా మొగుణ్ణి కాపాడింది. ఆమె మాట ఆమె నిలబెట్టుకుంది. అయినంక సుత రోజూ వచ్చి ఒక్కొక్కణ్ణి పట్టుకోమని ఆమెను కూలికి పెట్టుకున్నరా? స్టోర్ల కొత్త బెల్టులు పండబెట్టి, తల్లిని టవరు మీద నిలబెడ్తరా? సిగ్గు లేదా మనకు?"

దుర్గప్ప తల దించుకున్నాడు. ఈరప్ప మాత్రం దించుకోలేదు. తాడు దాటి లోపలికి పోయి, చిరిగిన బెల్టు తీసి, దాన్ని చూస్తూ అందరికీ వినబడేలా అన్నాడు, "నాకు భయమైంది. పడ్డనాటి నుంచి టవరు సూస్తెనే కాళ్లు వణికేటియి. ఆ మాట చెప్పనీకి నోరు రాలే. గందుకే మీకు కట్టుకుంట వచ్చిన. ఇయ్యాల నా పిలగాని నడుముకు కట్టేటోణ్ణి."

అని మొగవాడు ఏడవకూడదన్న సంగతి మరిచి ఏడ్చాడు. అంబుజ పోయి ఆయన పక్కన నిలబడింది. ఆమెకు గెలిచిన సంతోషం పట్టరాకుండా ఉంది. అయినా మొగుడు ఏడుస్తుంటే నవ్వేంత చెడ్డది కాదు గనక ముఖం పక్కకు తిప్పుకుంది.

చిరిగిన బెల్టును ఆ సాయంత్రం పూలతో, పసుపుతో, అందరూ వెంట నడిచి కృష్ణలో కలిపి వచ్చారు. తల్లికి మర్యాద దక్కింది, చీటీ మాటా చెల్లింది. ఆ తర్వాత గ్యాంగంతా నేల మీద కూర్చొని, చాటలు పట్టుకొని, దుమ్ములోంచి బియ్యం ఏరింది.

మర్నాటి నుంచి కొత్త బెల్టులకు తెల్లారింది. కవర్లు చిరిగాయి. తొడల పట్టీలు ఎటునుంచి ఎటు రావాలో తెలియక మహామహులు చిక్కుకుపోయారు. రక్షిత ఓపిగ్గా నేర్పింది. ఒక కొక్కి టవరుకు తగిలించాకే రెండోది తీయాలి. ఒక్క అడుగుకైనా, ఒక్క నిమిషానికైనా ఒకటి తగిలి ఉండాల్సిందే. ఇంకో మాట కూడా ఆ సూచనల్లోంచే తెచ్చింది. బెల్టు ఆపడంతో పని అయిపోదు, వేలాడుతున్న మనిషిని వెంటనే దించాలి, ఎవరు ఎట్లా దించాలో ఎక్కకముందే అనుకొని ఉండాలి. అభ్యాసానికి ఒక మనిషిని వేలాడదీయాల్సి వచ్చింది. బరువైనవాణ్ణి దించగలిగితే ఎవరినైనా దించొచ్చని అందరూ ఏకగ్రీవంగా నాగేశ్వరయ్యను చూశారు. ఆయన పాపం ఒప్పుకున్నాడు. నేలకు మూరెడు ఎత్తున వేలాడుతూ, "జర జల్ది దించుండ్రి, బువ్వ యాళ్లయింది!" అని ఆయన పెట్టిన కేకలకు మెస్సంతా బయటికొచ్చి నవ్వింది.

ఈరప్ప కూడా తొడుక్కున్నాడు. మొదటి రోజు మనిషెత్తు ఎక్కి దిగిపోయాడు. తర్వాత ఇంకొంచెం. అంబుజ చూడనట్టే చూసేది.

కృష్ణ టవరు కొసకు ఎక్కే రోజు రానే వచ్చింది. ప్రకాశ్ ముందు ఎక్కాడు. వెనకే, మూడేళ్ల తర్వాత, ఈరప్ప. కింద షెడ్డు గుమ్మంలో అంబుజ రొట్టెలు కాలుస్తూ పైకి చూస్తూ, పైకి చూస్తూ రొట్టెలు మాడుస్తూ ఉంది. ఇద్దరూ చిన్నగా, ఇంకా చిన్నగా అయిపోయారు. కొక్కీలు మారుస్తున్న టక్ టక్ చప్పుడు కాసేపు వినిపించి, తర్వాత అదీ వినిపించలేదు.

కొస ఇంకా కొంచెం ఉందనగా ప్రకాశ్ కాలు పెట్టిన బోల్టు, టవరుకు మెట్టులా బిగించింది, గిర్రున తిరిగింది. ఎవరో నట్టు సరిగా బిగించలేదు. వాడు పడ్డాడు.

అంబుజ చేతిలో అట్లకాడ పట్టుకొనే షెడ్డు బయటికి పరుగెత్తింది. వాడు పడ్డాడు, ఆగాడు. భుజాల మీది పట్టీలకు నిటారుగా, నది మీద గాలిలో వేలాడుతున్నాడు. ఒక చెయ్యి ఊపాడు. బతికే ఉన్నాడు.

కిందివాళ్లు కంగారుపడలేదు. నాగేశ్వరయ్యను దించి నేర్చుకున్న విద్య చేతుల్లో ఉంది. ఎవరి తాడు వాళ్లు అందుకున్నారు. పైన ఈరప్ప ఒక కొక్కి, ఇంకో కొక్కి, ఒక కొక్కి, ఇంకో కొక్కి మార్చుకుంటూ, కాళ్లు వణకకుండా, కొడుకులా పెంచిన బావమరిది దగ్గరికి పోయాడు. దించే తాడు తగిలించాడు. ప్రకాశ్ నేల మీద కాలు పెట్టేసరికి అంబుజ రొట్టెలు పూర్తిగా బొగ్గయ్యాయి. ఆమె వాణ్ణి పట్టుకొని తల, భుజాలు, చేతులు, వేళ్లు తడిమి తడిమి చూసి, అన్నీ ఉన్నాయని తేలాక చెంప మీద ఒక్కటి కొట్టింది. తర్వాత కౌగిలించుకొని భోరుమంది.

రక్షిత ఆసుపత్రికి తీసుకుపోవడానికి జీపు పిలిచింది. ప్రకాశ్ ఒంటి మీది బెల్టు విప్పి బల్ల మీద పెట్టారు. దాన్ని అందరూ చుట్టుముట్టారు. కొత్తది, మెరుస్తోంది, ఎక్కడా నలక లేదు, కళ్లముందే ఒక మనిషి ప్రాణం కాపాడింది. దుర్గప్ప కళ్లు చెమర్చాయి. రెండు చేతులూ చాపి దాన్ని కళ్లకద్దుకోబోయాడు.

ఈరప్ప ఆ చేతుల్ని మెల్లగా పక్కకు జరిపాడు. అంబుజ ఉల్లిగడ్డలు కోసే కత్తి అందుకున్నాడు. ఎడమ భుజం పట్టీ కోశాడు. కుడి భుజం పట్టీ కోశాడు. తొడల పట్టీలు, తాళ్లు, ఒక్కొక్కటీ రెండేసి ముక్కలు చేశాడు. గట్టి నేత, అంత తేలిగ్గా తెగలేదు. గ్యాంగంతా చుట్టూ నిలబడి చూసింది, ఎవరూ అడ్డు రాలేదు. చివరి పట్టీ తెగాక ఈరప్ప కత్తి కింద పెట్టి, చెమట తుడుచుకొని, అంబుజ వైపు చూశాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

"నాగేశ్వరయ్యా," అన్నాడు ఈరప్ప, "ప్రకాశ్‌కు ఇంకోటి తియ్యి."

దుర్గప్పే స్టోర్‌కు పోయి కొత్త కవరు చింపాడు.